ప్రవృత్తి, ప్రరోచన: భద్రాద్రి అటవీసీమలో దూరదర్శన రూపకము

దృశ్యకావ్య విమర్శ మన భాషలో నాటకముతో మొదలై, రేడియో నాటికకును చలనచిత్రమునకును కొంతవఱకు విస్తరించినది. దూరదర్శన రూపకము మాత్రము ఇంకను విమర్శకుల పంక్తిలోనికి రాలేదు. 1977లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము వెలసినది. 1995లో ఉపగ్రహ చానెళ్లు వచ్చినవి. నాటినుండి తెలుగు కుటుంబము నాటకశాలకు వెళ్లి చూచిన రూపకములు స్వల్పము, ఇంట కూర్చుండి చూచినవి అనంతము. యద్దనపూడి సులోచనారాణి నవలను ఆధారముగా గొని మంజులా నాయుడు దర్శకత్వమున వెలువడిన 'ఋతురాగాలు' వంటి ధారావాహికను చూచినవారి సంఖ్యతో పోల్చదగిన ప్రేక్షకసమాజము మన రంగస్థల నాటకములలో దేనికి లభించినది? ఇట్టి రచనాజాతిని కాలక్షేపమని త్రోసిపుచ్చుట విమర్శకు ఉచితము కాదు.

అంతేకాక ఈ రూపకమును చిత్రించుటయు, దానిని ప్రచారము చేయుటయు ఇప్పుడు విద్యలైనవి. హైదరాబాదులో 2008లో రామానాయుడు ఫిల్మ్ స్కూలును, 2011లో అన్నపూర్ణ సంస్థవారి విద్యాలయమును ఏర్పడినవి. విశ్వవిద్యాలయములలోని ప్రసారమాధ్యమ శాఖలలో విద్యార్థులు కథను వ్రాసి, కెమెరా పట్టి, కూర్పు చేసి, ముప్పది క్షణముల ప్రోమోను కూడ సిద్ధము చేయుచున్నారు. విద్యగా నేర్పబడుదానికి ఒక శాస్త్రము ఉండవలెను. శాస్త్రమున్నచోట విమర్శకు అధికారము కలదు. ఆ అధికారముతో మేము ఒక ప్రశ్నను మాత్రము ఇచట పరిశీలింపదలచితిమి. ఖమ్మము, భద్రాచలముల అడవి సరిహద్దున రూపకమును చిత్రింపబోవు విద్యార్థికి మొదట నేర్పవలసినది కంటిచూపా, చెవియొగ్గుటయా?

1. అభ్యాసక్షేత్రము

ఖమ్మము మైదానమును విడిచి, కొత్తగూడెము బొగ్గుగనులను, పాల్వంచను, సారపాకను దాటి గోదావరి వంతెన నెక్కినచో భద్రాచలము. అచ్చటినుండి ఒక త్రోవ దుమ్ముగూడెము, పర్ణశాలలకును, మఱియొక త్రోవ శబరీనది గోదావరిలో కలియు కూనవరము వైపునకును పోవును. చింతూరు దాటినంతనే ఛత్తీస్‌గఢ్, ఒడిశా రాష్ట్రముల ఎల్లలు. ఈ సీమపై పాలకులు గీచిన గీతలు పెక్కు. భద్రాచలము తాలూకా 1959 వఱకు తూర్పుగోదావరి జిల్లాలో నుండి, ఆ యేట ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో పోలవరము ముంపు కారణముగా ఏడు మండలములకు చెందిన గ్రామములు ఆంధ్రప్రదేశమునకు బదిలీ కాగా, భద్రాచల పట్టణము తెలంగాణమున నిలిచి, దాని గడపలోని ఎటపాక వేఱొక రాష్ట్రమైనది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. గీత మాఱినపుడెల్ల ఊరి చిరునామా మాఱినది గాని ఊరి పలుకు మాఱలేదు.

ఆ పలుకు ఒక్కటి కాదు. కోయభాష గోండీకి అతిసన్నిహితమైన ద్రావిడభాష. స్టీఫెన్ టైలర్ 1969లో దానికి ఆంగ్లమున వ్యాకరణ సంగ్రహమును ప్రకటించినాడు. పాపికొండల చుట్టునుండు కొండరెడ్ల మాతృభాష తెలుగే, కాని మన పుస్తకముల తెలుగు కాదు. వారిని గూర్చి హైమెన్‌డార్ఫ్ 1945లోనే ఒక గ్రంథమును వెలువరించినాడు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌నుండి తరలివచ్చిన కోయల పలుకు స్థానిక కోయల పలుకుతో పూర్తిగా ఏకీభవింపదు. వీరికి తోడు ఖమ్మము రైతు తెలుగు, గోదావరి తీరపు వర్తకుని తెలుగు, కార్యాలయముల తెలుగు. ఇన్ని స్వరములున్న చోటికి మన విద్యార్థి కెమెరాతో వచ్చుచున్నాడు. ఎందులకు? అడవి పచ్చగానున్నది, నది విశాలముగానున్నది, కొండపై మంచున్నది గనుక. మేము గమనించినంతలో శిక్షణక్రమము కంటితో ఆరంభమై కంటితోనే ముగియుచున్నది. వెలుతురు, చట్రము, కోణము, వేగము అను వానికి వారములు కేటాయింపబడును. వాచికమునకు ఒక పూట.

2. వాచికము, ప్రవృత్తి

భరతుడు అభినయమును ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికములని నాలుగు విధములుగా విభజించి, వానిలో వాక్కును నాట్యమునకు శరీరమని పేర్కొన్నాడు. నానాదేశముల వేషమును, భాషను, ఆచారమును, వృత్తిని ప్రకటించు ధర్మమునకు ప్రవృత్తియని పేరుపెట్టి, ఆవంతి, దాక్షిణాత్య, పాంచాలి, ఓఢ్రమాగధి అని నాలుగు భేదములు చెప్పినాడు. ప్రవృత్తి భావన ఈనాటి దూరదర్శన విద్యార్థికి అత్యంతోపయోగి. స్థలమనగా వెనుకనున్న తెఱ కాదనియు, పాత్ర కట్టు, నడక, మాట అన్నియు కలిసి స్థలమగుననియు అది బోధించును.

అయితే ఆ శాస్త్రముననే తెలుగువారు మఱవరాని విధి మఱియొకటి కలదు. బర్బరులు, కిరాతులు, ఆంధ్రులు, ద్రమిళులు మొదలగు జాతుల సొంతభాషలలో నాట్యప్రయోగము చేయరాదని భరతుడు నిషేధించినాడు. అట్టి పాత్రలకు శౌరసేని వంటి అంగీకృత ప్రాకృతమును ఇయ్యవలెనన్నాడు. అనగా ఆంధ్రుడు రంగమున కనబడవచ్చును, వినబడరాదు. కిరాతుని పక్కన, ఒకే పంక్తిలో, మనలను కూర్చుండబెట్టిన విధి యిది. మన పలుకు ఆ నిషేధమును దాటి కావ్యభాషయై, నాటకభాషయై, నేడు తెఱభాషయైనది. అట్లు దాటివచ్చిన మనము, ఆ పంక్తిలో మనతో కూర్చున్న అడవిమనిషికి నేడు మన శౌరసేనిని ఇచ్చుచున్నామా, లేదా? కోయస్త్రీ పాత్ర తెఱపై పూసలు ధరించి, జడకొప్పున పూవు పెట్టి, పత్రికాభాషలోనో, ఏ ఊరికిని చెందని "అడవి యాస"లోనో మాటాడుట చూచినపుడు మాకు ఈ సూత్రమే స్ఫురించును. ఆహార్యము ఆమెది, వాచికము మనది.

పాత్రోచిత భాషావాదము మనకు కొత్త కాదు. 1897లో వెలువడిన రెండు నాటకములు దీనికి రెండు మార్గములను చూపినవి. వేదము వేంకటరాయశాస్త్రిగారు 'ప్రతాపరుద్రీయము'న ఉన్నతపాత్రలకు గ్రంథభాషను, తక్కినవారికి వ్యవహారభాషను ఇచ్చినారు. ఆ యేడే అచ్చుపడిన 'కన్యాశుల్కము'న గురజాడ అందఱను వాడుకభాషలోనే మాటాడించి, వ్యక్తివ్యక్తికి మాటతీరును భిన్నము చేసినాడు. మొదటి మార్గమున మాండలికము అంతస్తునకు గుర్తు. రెండవదానిలో మనిషికి గుర్తు. మన తెఱ చిరకాలము మొదటి మార్గమునే, దానిలోని పాండిత్యమును విడిచి, అనుసరించినది. నాయకుని యింటివారికి ఒక తెలుగు, పనివానికిని హాస్యగానికిని రౌడీకిని తెలంగాణపు తెలుగు అను పంపకము ఎంత నొప్పి కలిగించినదో ఖమ్మము విద్యార్థికి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆ నొప్పి ఎఱిగిన విద్యార్థియే భద్రాచలము దాటగానే కోయపాత్రకు అదే పంపకము చేయుట విచారకరము.

డబ్బింగు పద్ధతి ఈ దోషమును మఱింత స్థిరపఱచుచున్నది. మన ధారావాహికలలో ముఖము ఒకరిది, కంఠము వేఱొకరిది అగుట సర్వసాధారణము. ఇంటిలోపలి కథకు దీనివలన కొంత నష్టమే. అడవి సరిహద్దు కథకు మాత్రము ఇది ప్రాణహాని. స్థానికుని తెచ్చి నిలువబెట్టి, అతని కంఠమును తీసివైచి, పట్టణపు గదిలో పలికిన కంఠమును అతికించినచో, మిగులునది అతడు కాదు, అతని బొమ్మ.

3. లాంచీపైనుండి చూపు

ఈ సీమను తెఱకెక్కింపగోరు విద్యార్థి ముందు రెండు చలనచిత్రములు ఆదర్శములుగా నిలుచుట సహజము. బాపు దర్శకత్వమున, ముళ్లపూడి వెంకటరమణ రచనతో 1973లో వచ్చిన 'అందాల రాముడు' ఒకటి. శేఖర్ కమ్ముల 2006లో తీసిన 'గోదావరి' రెండవది. రెండును నదిపై భద్రాచలమునకు సాగు ప్రయాణకథలే. వీని గుణములను మేము తగ్గించి చెప్పము. నీటిపై తేలు ఒక చిన్న సమాజమును కల్పించి, గొప్ప, పేద, పెద్ద, పిన్న అను భేదములను ఒకే ఓడలో ఇమిడ్చి, నదిగమనమునే కథాగమనముగా చేయుట చక్కని శిల్పము. సంభాషణలో తీరాంధ్రపు తెలుగు సొగసు నిండుగా వినబడును. వారు తలపెట్టినది యాత్రికుల కథ. యాత్రికులను చక్కగా చూపినారు. అది వారి నిజాయితీ.

చిక్కు అనుకరణమున కలదు. లాంచీపైనున్నవానికి గట్టు కదలిపోవు చిత్రపటము. అది ఆ ప్రయాణికుని స్థితికి సత్యము. ఆ చట్రమునే ఎత్తికొని గట్టుపై కాపురముండువాని కథకు తొడిగినచో అసత్యమగును. గట్టువానికి నది అడ్డముగా పాఱును. అతడు దానిని దాటవలెను, దానిలో చేపపట్టవలెను, వరదనాడు దానికి వెఱవవలెను. అతని కంటికి కదలిపోవునది లాంచీ. విద్యార్థి తన మొదటి అభ్యాసముగా ఆ రెండవ చూపును సాధింపవలెనని మా అభిప్రాయము.

భద్రాద్రి సొంతకథయే దీనికి ఒక త్రోవ చూపుచున్నది. రామదాసుని కథ యనగానే నేలకొండపల్లి గోపన్నయు, తానీషాయు, గోల్కొండ చెఱయు మనకు గుర్తునకు వచ్చును. కాని స్థలసంప్రదాయము ప్రకారము, అడవిలో మఱుగుపడియున్న మూర్తులను మొదట కనుగొని పూజించినది పోకల దమ్మక్క అను అడవిబిడ్డ. గోపన్న కథకు నాయకుడు గనుక రూపకపు బరువు గోల్కొండవైపు ఒరగుట న్యాయమే. అయినను, దమ్మక్క వైపునుండి ఆ కథను మొదలుపెట్టినచో ఎట్లుండును? ఆమె దేవునితో ఏ పలుకున మాటాడినది? అధికారియై వచ్చిన గోపన్నతో ఏ పలుకున చెప్పినది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకు విద్యార్థికి రూపకము సగము దొరికినట్లే.

చెవి ముందు, కన్ను తరువాత అనుటకు ఈ క్షేత్రముననే గొప్ప నిదర్శనము కలదు. దూరదర్శనము రాకమునుపు శ్రీరామనవమి కల్యాణమును తెలుగువారు ఆకాశవాణిలో విని చూచినారు. ఉషశ్రీ వ్యాఖ్యానమున మంటపము, జనసమ్మర్దము, తలంబ్రాలు వినువాని కన్నులకు కట్టినవి. వాక్కు నాట్యమునకు శరీరమన్న మాటకు ఇంతకంటె వేఱు దృష్టాంతమేల?

4. ఒక సంత ఘట్టము

సిద్ధాంతమును ఒక అభ్యాసముతో పరీక్షింతము. విద్యార్థులకు ఈ ఘట్టమును ఇచ్చితిమనుకొందము: వేసవి మొదటి దినములు. ఒక కోయస్త్రీ తెల్లవారకముందే ఏఱిన ఇప్పపువ్వును ఎండబెట్టి, గంపకెత్తి, వారపుసంతకు తెచ్చినది. ఒకవైపు వర్తకుని కాటా. మఱియొకవైపు 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థవారి కొనుగోలు కేంద్రము. ఆమె ఎవరికి అమ్మును?

దృశ్యమునే నమ్మిన విద్యార్థి గంపను, పూవును, ముడుతల చేతిని, పూసలను సమీపచిత్రములుగా తీసి, వెనుక వేణునాదమును పెట్టును. చిత్రము ముచ్చటగా నుండును. ఘట్టము మాత్రము జరుగదు. ఏమి పోయినది? ఆ స్త్రీ తోడు వచ్చిన చెల్లెలితో కోయలో మాటాడును. వర్తకునితో బేరపు తెలుగులో, అంకెలు ముందుగా, క్రియలు మింగివేయుచు మాటాడును. కొనుగోలు కేంద్రపు ఉద్యోగితో మఱియొక తెలుగులో, మన్ననతో, జంకుతో, ఆచితూచి మాటాడును. ఒక్క మనిషి, మూడు పలుకులు. ఎవరిని నమ్మినది, ఎవరికి బాకీపడియున్నది, ఎవరిముందు భయపడినది అన్నియు ఆ పలుకుల మాఱుపాటులోనే తెలియును. వర్తకుడు కోయలో ఒక్కమాట అన్నచో అతడు ఇరువది యేండ్లుగా ఆ సంతకు వచ్చుచున్నాడని వేఱుగా చెప్పనక్కఱలేదు. అక్కాచెల్లెండ్లు తమలో తాము కోయలో ఆడుకొన్నమాట అతనికి అర్థమైనదని అతని ముఖమున కనబడినచో, అదియే ఆ ఘట్టమునకు ప్రాణము. ముగ్గురును ఒకే తెలుగు మాటాడినచో ఇందులో ఒక్కటియు మిగులదు. కావున పలుకు అలంకారము కాదు, కథావస్తువే.

దీనికి కావలసిన శ్రమ ఏమి? 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన వ్యవసాయ వృత్తిపదకోశముకొఱకు భద్రిరాజు కృష్ణమూర్తిగారు అనుసరించిన మార్గము మనముందున్నది: వృత్తిలోనున్నవారి నోటనుండియే పదమును సేకరించుట. విద్యార్థులు చిత్రీకరణమునకు ముందు కెమెరా లేకుండ, మైకు మాత్రము తీసికొని, వారికి చెప్పి, వారి సమ్మతితో రెండు సంతలు తిరిగి, కొలతలకు, సరకులకు, పిలుపులకు, తిట్లకు పదములను వ్రాసికొని రావలెను. సంభాషణ ముసాయిదాను స్థానికులకు చదివి వినిపించి దిద్దించుకొనవలెను. ఎవరు దిద్దినారో వారి పేరు రచయితల పంక్తిలో, వారు ఒప్పినచో, చేర్చవలెను. ఇది ఔదార్యము కాదు; సహరచన.

5. ప్రరోచన

ప్రోమో నేటి మాట, విషయము ప్రాచీనము. భారతీవృత్తికి చెప్పిన నాలుగు అంగములలో ప్రరోచన మొదటిది. ప్రశంసచేత ప్రేక్షకుని మనస్సును రాబోవు ప్రయోగమువైపు త్రిప్పుట దాని పని. ప్రచారవిద్యను తక్కువచూపు చూడనక్కఱలేదు; అది నాటకమునకు బయటిది కాదు, నాటకాంగమే. అందువలననే దానికి నాటకముతోడి సత్యసంబంధము ఉండవలెను.

'అభిజ్ఞానశాకుంతలము' ప్రస్తావన దీనికి ఆదర్శము. నటి గ్రీష్మమును గూర్చి పాడును. సూత్రధారుడు ఆ పాటలో మైమఱచి ఆడవలసిన నాటకమునే మఱచును. గుర్తుచేయగా, లేడిచే ఆకర్షింపబడిన దుష్యంతునివలె నీ పాటచే ఆకర్షింపబడితినని చెప్పి రాజును ప్రవేశపెట్టును. ప్రేక్షకుని లాగిన ఆకర్షణయే కథలోని ఆకర్షణ. మఱపే కథలోని మఱపు. ప్రరోచన నాటకబీజమునుండి మొలచినది.

మన ప్రోమోలు అట్లు మొలచుట అరుదు. షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించిన 1970 నాటి నిబంధన, జనవ్యవహారమున 1/70, చుట్టు అల్లిన కథకు విద్యార్థి ప్రోమో కట్టవలసివచ్చెననుకొందము. అతని చేయి అలవాటుగా కొమ్ముకోయ నృత్యముపై పడును. దున్నకొమ్ముల తలపాగా, పెద్ద డోలు, వలయాకారపు అడుగు: చూచువాని కన్ను నిలుచును. కాని ఆ నృత్యము కథలో లేదు. పెండ్లికిని పండుగకును చెందినదానిని భూమితగాదాకు ఎరగా వేసినచో రెండు అపచారములు జరిగినవి: నృత్యము తన ఋతువును కోల్పోయినది, కథ తన ముఖమును కోల్పోయినది. ప్రోమో చూచి వచ్చిన ప్రేక్షకుడు వేడుక కోరి వచ్చి, దస్తావేజు చూచి వెనుదిరుగును. ఆ కథకు సరియైన ప్రరోచన ఒక పట్టాకాగితమును మడత విప్పు చప్పుడు, దానిపై "ఏమి వ్రాసియున్నది?" అని కోయలో అడుగు ప్రశ్న, సమాధానము చెప్పని తెలుగువాని మౌనము కావచ్చును. ముప్పది క్షణములు దీనికి చాలును.

6. ఆక్షేపములు

కోయమాట ప్రేక్షకునకు అర్థము కాదందురు. సంస్కృత నాటకమున పాత్రలు బహుభాషలు మాటాడగా రసభంగము కాలేదు. తెఱ అడుగున అక్షరములు వేయు సౌకర్యము మనకు కలదు. పైగా అర్థము కాకపోవుటయే కొన్ని ఘట్టములలో ప్రేక్షకుని సరియైన స్థితి. కొనుగోలు కేంద్రపు ఉద్యోగికి తెలియనిది అతనికిని తెలియకుండుట న్యాయము.

స్థానికమైన రూపకము చానెళ్లకు పనికిరాదందురు. గుజరాతులోని ఖేడా జిల్లాలో 1975నుండి పీజ్ గ్రామపు ప్రసారిణిద్వారా ఇస్రో సంస్థవారు ఆ జిల్లా ప్రజల సమస్యలను వారి వాడుకమాటలోనే నాటకములుగను ధారావాహికలుగను ప్రసారము చేసినారు. 1984లో ఆ కృషికి యునెస్కో పురస్కారము లభించినది. చిన్నచోటి మాట చిన్నమాట కానక్కఱలేదు. విద్యార్థి అభ్యాసమునకు చానెలువారి లెక్కలు ఇంకను రాలేదు. ఆ స్వేచ్ఛను చదువుకొను నాడే వాడుకొనవలెను.

మూడవ ఆక్షేపము బరువైనది. కోయయువకులే పట్టణపు తెలుగును గౌరవచిహ్నముగా ఎన్నుకొనుచుండగా, వారిని మాండలికమున బంధించుటకు మీరెవరని అడుగవచ్చును. ఈ ప్రశ్నకు మేము తల వంచుచున్నాము. కళాశాలలో చదివిన కోయయువతి శిష్టవ్యవహారమున మాటాడినచో అట్లే వినిపింపవలెను. ఇంటికి వచ్చి అవ్వతో మాటాడునపుడు ఏమగునో అదియు వినిపింపవలెను. మేము కోరునది ప్రాచీనతను కాదు, యథార్థ శ్రవణమును.

ఈ శ్రవణమునకు వేళ మించిపోవుచున్నది. 1986లో భద్రాచలమువద్ద గోదావరి 75 అడుగులు దాటినది. 2022 జూలైలో మరల 71 అడుగులు దాటినది. పోలవరపు కట్టవలన నదిగట్టు గ్రామములు అనేకము చోటు మాఱుచున్నవి. ఊరు కదలినపుడు ఇండ్లకు పరిహారము లెక్కింతురు. సంతలో ముగ్గురితో మూడు విధములుగా మాటాడు ఆ పలుకునకు లెక్క లేదు. విద్యార్థి అభ్యాసముకొఱకు పట్టిన శబ్దము రేపు ఒక ఊరికి మిగులు ఏకైక సాక్ష్యము కావచ్చును. అందులో డబ్బింగు కంఠమే యున్నచో ఆ సాక్ష్యము చెల్లదు.

వాడుకభాషకొఱకు పోరాడిన గిడుగు రామమూర్తిగారు అంతకుముందే పర్లాకిమిడి ప్రాంతమున సవరల నోట వారి భాషను నేర్చికొని, వారికి వాచకములు వ్రాసినారు. తెలుగువారి మాటను తెలుగువారికి వినిపింపగలిగిన చెవి, మొదట అడవిమాట విని తీరినది. దుష్యంతుడు తపోవనపు ఎల్లవద్ద రథమును నిలిపి, ఆభరణములను, వింటిని సారథి కిచ్చి, వినీతవేషమున లోనికి నడచినాడు. మన విద్యార్థి కెమెరాను విడువనక్కఱలేదు. వంతెన దాటిన మొదటి దినమున దానిని పెట్టెలోనుంచి, సంతలో ఒకమూల కూర్చుండి వినిన చాలును. శిక్షణక్రమమున ఆ ఒక్క దినమును చేర్చుటకై మాధ్యమశాఖలును తెలుగుశాఖలును కలిసి ఆలోచింపవలసియున్నది.